కిస్తీ ఆగుతుంది, వడ్డీ ఆగదు

విద్యార్థులకు డబ్బు పాఠం చెప్పేవాళ్లు ముందుగా కాఫీలు, సినిమాలు తగ్గించుకోమంటారు. మంచి సలహాయే. అయితే ఎమ్మెస్ కోసం హైదరాబాద్ నుంచో విజయవాడ నుంచో అమెరికా బయల్దేరేవారి భవిష్యత్తును తేల్చేది ఆ చిల్లర ఖర్చు కాదు, వీసాకు ముందే సంతకం పెట్టే విద్యారుణం. అందులో తేలిగ్గా పొరబడే చోటు మారటోరియం. చదువు సాగినన్నాళ్లూ, ఆపైన ఆరు నెలలో ఏడాదో కిస్తీ కట్టనక్కర్లేదు గానీ వడ్డీ మాత్రం పెరుగుతూనే ఉంటుంది. 12 శాతానికి 30 లక్షలు తీసుకున్నారనుకుందాం. సొమ్మంతా మొదట్లోనే విడుదలైతే రెండున్నరేళ్లకు బారువడ్డీయే 9 లక్షలు. విడతలుగా తీసుకుంటే కొంత తగ్గుతుంది. ఆ 9 లక్షలూ అసలులో కలిశాక పదేళ్లలో తీర్చాలంటే నెలకు దాదాపు 56 వేలు, మొత్తం 67 లక్షలు కట్టాలి. వడ్డీని ఏ నెలకా నెల కట్టేస్తే కిస్తీ 43 వేల దగ్గరే ఆగుతుంది. నెలకు 30 వేల వడ్డీ కట్టే స్తోమత మధ్యతరగతి ఇంట్లో ఎక్కడిదంటారా? పదివేలు కట్టినా 3 లక్షలు అసలులో కలవకుండా ఆగుతాయి, కిస్తీ నాలుగు వేల పైచిలుకు తగ్గుతుంది. చదువుకునే కాలంలో వడ్డీ కట్టేవారికి ఒక శాతం రాయితీ ఇవ్వవచ్చని భారతీయ బ్యాంకుల సంఘం నమూనా పథకంలో ఉంది. అది మన బ్యాంకులో అమలవుతోందా అని మనమే అడగాలి. మేనేజరుగారు తనంతట తాను చెబుతారనుకోవడం అత్యాశ.

డాలర్లలో సంపాదిస్తే రెండు మూడేళ్లలో తీరిపోయేదానికి ఇన్ని లెక్కలెందుకని కొందరంటారు. మంచి ఉద్యోగం దొరికినవాళ్ల విషయంలో అది చాలావరకు నిజం. రూపాయి పడిపోయేకొద్దీ వాళ్లకు అప్పు ఇంకా తేలికవుతుంది. కానీ ఆ ధీమాకు ఆధారం జీతం ఒక్కటే కాదు, వీసా కూడా. చదువయ్యాక ఓపీటీ కింద పనిచేయనిచ్చేది 12 నెలలు, స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, గణితం) కోర్సులవారికి మరో 24 నెలలు. తొలి ఏడాదిలో ఉద్యోగం లేని రోజులు 90 దాటకూడదు. ఆ తర్వాత కావాల్సింది హెచ్-1బీ ఉద్యోగ వీసా. దానికి ఏటా ఉన్న పరిమితి 85 వేలు, పోటీపడేవాళ్లు అంతకన్నా చాలా ఎక్కువ. అంటే మూడేళ్ల అనుమతిని నమ్ముకుని పదేళ్ల అప్పు చేస్తున్నారన్నమాట. తిరిగి వస్తే జీతం రూపాయల్లో, కిస్తీ మాత్రం అదే 56 వేలు. సహరుణగ్రహీతగా సంతకం పెట్టిన తండ్రికీ, తాకట్టు పెట్టి ఉంటే ఆ ఇంటికీ అప్పటినుంచి గండమే. అందుకే ఈ కిస్తీని అమెరికా జీతంతో కాక, హైదరాబాద్‌లో వచ్చే తొలి జీతంతో పోల్చి చూడాలి. అదీ దరఖాస్తులు పెట్టే దశలోనే. తక్కువ ఫీజున్న యూనివర్సిటీని వెతుక్కునే వీలు అప్పుడే ఉంటుంది, యూనివర్సిటీ ఇచ్చే ఐ-20 పత్రం చేతికొచ్చి బ్యాంకు చుట్టూ తిరిగేటప్పుడు కాదు.