ప్రోగ్రాము స్థాపనలో డేటాబేసు చిక్కు

వినుకొండ ప్రాంతపు మిరప రైతు పంటను వెంటనే అమ్మక, మంచి ధర కొరకు శీతల గిడ్డంగిలో దాచుకొనుట కలదు. ఎవరివి ఎన్ని టిక్కీలు, ఏ గదిలో ఉన్నవి అను లెక్క ఒక కంప్యూటరులో ఉన్నదనుకొందము. ఇట్టి లెక్కల పట్టికల కూర్పే డేటాబేసు. తేజ, బాడిగ మొదలగు రకములను కూడ చూపు కొత్త ప్రోగ్రామును ఇప్పుడు అందులో ఎక్కింపవలెను.

ఈ పని చేయునది ఇన్‌స్టాలరు. ఏ ఫైలును ఎక్కడ పెట్టినదో దానికి జాబితా ఉండును. మధ్యలో అవాంతరము వచ్చినచో, పెట్టినవాటిని తీసివేసి యథాస్థితికి తేగలదు. కాని పట్టికలో రకమునకు ఒక కొత్త గడి చేర్చుట ఫైలు పెట్టుట వంటిది కాదు. అందుకు స్క్రిప్టు, అనగా ఆజ్ఞల వరుస, నడుపవలెను; ఒక్కొక్కప్పుడు బయటి ప్రోగ్రామును కూడ పిలువవలెను. అవి లోపల ఏమి మార్చినవో ఇన్‌స్టాలరు ఎరుగదు. పని ముగియగానే అవి ఇచ్చు అంకె మాత్రమే దానికి చేరును: 0 అయిన సఫలము, వేరైన సాధారణముగా విఫలము. కూలి వచ్చి "అయినది" అని చెప్పి పోవుట వంటిదే ఇది!

స్క్రిప్టు సగము నడిచి ఆగినచో? పట్టిక పాత ప్రోగ్రామునకు పొసగదు, కొత్త ప్రోగ్రాము ఇంకను కుదురుకొనలేదు. రసీదుతో వచ్చిన రైతుకు టిక్కీల గది చెప్పువారుండరు.

దీనికి డేటాబేసులోనే ఒక ఉపాయము కలదు. కొన్ని ఆజ్ఞలను ఒక లావాదేవీగా కట్టినచో అన్నియు జరుగును, లేదా ఒక్కటియు జరుగదు. పోస్ట్‌గ్రెస్‌లో పట్టిక నిర్మాణపు మార్పులను సైతము చాలవరకు ఇట్లు కట్టవచ్చును. ఒరాకిల్, మైఎస్‌క్యూఎల్‌లలో అట్టి ఆజ్ఞ ఇచ్చినంతనే అంతవరకు చేసిన మార్పులు స్థిరపడిపోవును, వెనుకకు రావు. ఈ భేదము తెలియక వ్రాసిన స్క్రిప్టులే ఎక్కువ చేటు తెచ్చును.

1999లో వచ్చిన విండోస్ ఇన్‌స్టాలరులో ఇట్టి ప్రతి పనికిని దానిని రద్దుచేయు పనిని జతపరచవచ్చును. కాని ఆ రద్దు పనిని వ్రాయవలసినవాడు ప్రోగ్రాము కర్తయే. డెబియన్ పద్ధతి వేరు. అక్కడ ఫైళ్ళు పెట్టిన తరువాత నడుచు స్క్రిప్టు విఫలమైనచో ప్యాకేజీ "సగము అమరినది" అని గుర్తింపబడును. లోపము సరిచేసి మరల నడుపవలెను. కనుక స్క్రిప్టు రెండుసార్లు నడిచినను ఫలము ఒక్కటే కావలెను. "గడిని చేర్చుము" అనక "గడి లేనిచో చేర్చుము" అని వ్రాయుట ఇందుకే.

ఇన్ని ఉన్నను ముందుగా లెక్కలకు నకలు తీయవలెను. ఆ నకలును వేరొక యంత్రముపై తెరచి, టిక్కీల మొత్తము అసలుతో సరిపోయిన పిదపనే స్క్రిప్టును నడుపుదురు.