కోటైనా కప్పు కారితే ఏం సుఖం?

(రేడియోలో స్త్రీల కార్యక్రమంలో చేసిన ప్రసంగం)



ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అని పెద్దలు వూరికే అనలేదు. పెళ్ళయితే పందిరి విప్పేస్తాం, వచ్చిన చుట్టాలు ఎవరిళ్ళకు వాళ్ళు వెళ్ళిపోతారు. ఇల్లు కట్టడంలో చేసిన పొరపాటు మాత్రం మనతోనే కాపురం వుంటుంది. పొద్దున లేచింది మొదలు రాత్రి తలుపు గడియ వేసేదాకా ఆ ఇంట్లోనే మసలే ఆడవాళ్ళకు ఆ సంగతి మరీ బాగా తెలుస్తుంది.

అద్దె ఇంట్లో గోడకు మేకు కొట్టాలన్నా ఇంటివాళ్ళ మొహం చూడాలి. అందుకే నూరు గజాల స్థలంలో రెండు గదులు వేసుకున్నా, అది మన కోటే. ఈ వేళ ఆ కోట గురించి నాలుగు మాటలు చెప్పుకుందాం. ముందుగా, నిజంగానే కోట కట్టుకున్న ఒకాయన కథ వినండి. రాజుల కాలం నాటిది కాదు, ఇరవయ్యో శతాబ్దంలో జరిగిందే.

ఇంగ్లండు దేశానికి నైరుతి మూల డెవన్ అనే ప్రాంతం వుంది. అక్కడ టీన్ నది లోయకు పైన, ఎత్తైన కొండ అంచున నల్లరాతి కోట ఒకటుంది. డ్రోగో కోట అంటారు. దాన్ని కట్టించినాయన జూలియస్ డ్రూ, రాజూ కాదు, జమీందారూ కాదు. టీ పొడి, పచారీ సరుకులు అమ్మే వర్తకుడు. హోమ్ అండ్ కలోనియల్ స్టోర్స్ అని కొట్టు మీద కొట్టు తెరిచి, 33 ఏళ్ళకే ఇక చాలు అని వ్యాపారం నుంచి తప్పుకునేంత గడించాడు. తన వంశం ఎప్పటిదో డ్రోగో అనే ప్రభువు నుంచి వచ్చిందని ఆయన నమ్మకం. ఆ ప్రభువు పేరు మీద, ఆ పాతకాలం పద్ధతిలో కోట కట్టి అందులో వుండాలని కోరిక.

దానికి ప్లాను గీసినవాడు ఎడ్విన్ లుటియెన్స్. ఈ పేరు మనకూ తెలిసిందే. ఢిల్లీలో ఈనాడు రాష్ట్రపతి భవన్ అని పిలుచుకునే కట్టడానికి ప్లాను ఆయనదే. 1911 ఏప్రిల్ 4న, తన 55వ పుట్టినరోజు నాడు, డ్రూగారు కోటకు శంకుస్థాపన చేశారు. ఇంటికి 50 వేల పౌన్లు, తోటకు 10 వేలు అని లెక్క వేసుకున్నారు. మధ్యలో మొదటి ప్రపంచ యుద్ధం వచ్చిపడింది. పనివాళ్ళు యుద్ధానికి వెళ్ళారు. 1917లో డ్రూగారి పెద్దకొడుకు యుద్ధంలోనే చనిపోయాడు. ప్లాను తగ్గిస్తూ తగ్గిస్తూ, మొదట గీసినదాంట్లో ఇంచుమించు మూడో వంతు మాత్రమే కట్టగలిగారు. అది పూర్తయ్యేసరికి 1930 వచ్చింది. ఆ మరుసటి సంవత్సరమే ఆయన కన్నుమూశారు.

ఇంతా చేసి కట్టిన ఆ కోట మొదటి నుంచీ కారుతూనే వుంది!

నవ్వకండి. కారణం వింటే మన మేస్త్రీ గుర్తొస్తాడు. కోట అన్నాక పైన వాలు కప్పు వుంటే అందం రాదు, చదునుగా వుండాలి. అందుకని అంత వానలు, అంత గాలి వుండే కొండ మీద చదును కప్పు వేశారు. పైన నీళ్ళు దిగకుండా తారు లాంటి ఆస్ఫాల్టు పరిచారు. ఎండకూ చలికీ కట్టడం కొంచెం సాగుతుంది, కొంచెం ముడుచుకుంటుంది. దానితోబాటు పైపూత కదల్లేక బీటలిచ్చింది. బీటలోంచి నీళ్ళు దిగి గోడల్లోకి పాకాయి. 1974లో కుటుంబం వాళ్ళు ఆ కోటను నేషనల్ ట్రస్టుకు ఇచ్చేశారు. ఆ సంస్థ 2013లో మొదలుపెట్టిన మరమ్మతు ఏళ్ళ తరబడి సాగింది. కప్పు మీది పాత పూత తీసి కొత్తది వేశారు, తొమ్మిది వందలకు పైగా కిటికీలు బాగుచేశారు. ఖర్చు కోటిన్నర పౌన్లు దాటింది. కట్టడానికి అనుకున్న సొమ్మెక్కడ, కారకుండా ఆపడానికి పెట్టిన సొమ్మెక్కడ! రూపాయికీ పౌనుకీ విలువలు మారాయన్నది నిజమే అనుకోండి. అయినా గుండె గుభేలుమంటుంది.

ఈ కథ చదివినప్పుడు నాకు మా ఇల్లే కళ్ళ ముందు కనబడింది. మేము ఇల్లు కట్టేటప్పుడు, "వంటింటి సంగతి నువ్వు చూసుకో, స్లాబూ సిమెంటూ మేము చూసుకుంటాం" అన్నారు మావారు. నేనూ సరేనన్నాను. గట్టుకు ఏ రంగు రాయి వేయాలో, పూజగది తలుపుకు ఎన్ని గంటలు పెట్టాలో చూసుకుంటూ కూర్చున్నాను. మంచి మే నెల ఎండల్లో స్లాబు పోశారు. మూడు రోజులు పైన నీళ్ళు కట్టారు. నాలుగో రోజు నుంచి నీళ్ళ ట్యాంకరు రాలేదు. "ఎండకు బాగా ఆరిందమ్మా, ఇక ఫర్వాలేదు" అన్నాడు మేస్త్రీ. ఎంత బాగా ఆరితే అంత గట్టిపడుతుంది కాబోలు అనుకున్నాను.

రెండు వానాకాలాలు బాగానే వెళ్ళాయి. మూడో ఏడు మా అత్తగారి మంచం పైన, స్లాబు అడుగున, అరచేయంత మరక కనబడింది. శ్రావణం వచ్చేసరికి అది దేశపటమంత అయింది. రెండుసార్లు సున్నం వేయించాం, ఒకసారి ఖరీదైన రంగు వేయించాం. రంగు వేస్తే చెమ్మ పోదండీ, కొన్నాళ్ళు కనబడకుండా వుంటుందంతే. ఒక రాత్రి వానకు నిద్దట్లో మీద చుక్కలు పడి పెద్దావిడ వులిక్కిపడి లేచారు. మంచం ఈ మూల నుంచి ఆ మూలకు జరుపుతూ తెల్లవార్లూ కూర్చున్నాం. "సొంత ఇంట్లో ఇదేమిటమ్మా" అన్నారావిడ. ఆ మాట ఇప్పటికీ నా చెవిలోనే వుంది.

చివరికి ఒక ముసలి తాపీమేస్త్రీ వచ్చాడు. ఏ సామానూ తీయలేదు. "ఒక చెంబెడు నీళ్ళు ఇప్పించండమ్మా" అన్నాడు. డాబా మధ్యలో ఆ నీళ్ళు పోసి, పక్కన కూర్చుని చూశాడు. నీళ్ళు తూము వైపు వెళ్ళలేదు. తిన్నగా వచ్చి మా అత్తగారి గది మీద నిలిచాయి. "చూశారా? నీళ్ళకు దారి చూపలేదు. దారి లేకపోతే అవే దారి చేసుకుంటాయి" అన్నాడు. పైపొర అంతా తవ్వించి, బీటలు పూడ్పించి, మళ్ళీ వాటం పెట్టి వేయించాం. నా రెండు జతల గాజులు ఆ డాబా మీదకే వెళ్ళాయి.

అప్పటి నుంచి నేను తెలుసుకున్నవి, అడిగి నేర్చుకున్నవి మీకు చెబుతాను. ఇవి మగవాళ్ళ సంగతులని వూరుకోకండి.

మొదటిది, సిమెంటు ఆరితే గట్టిపడదు. నీళ్ళతో కలిసి గట్టిపడుతుంది. సిమెంటుకూ నీళ్ళకూ మధ్య జరిగే ఆ చర్యకు రోజులు పడుతుంది. ఈలోగా నీళ్ళు ఎండిపోతే ఆ పని సగంలో ఆగిపోతుంది, పైన సన్నని బీటలు వస్తాయి. అందుకే స్లాబు పైన చిన్న మడులు కట్టి నీళ్ళు నిలబెడతారు. మామూలు సిమెంటైతే తక్కువలో తక్కువ ఏడు రోజులు, బూడిద కలిపిన సిమెంటైనా, మన ఎండాకాలమైనా పది రోజులు తడి ఆరకూడదు. ఇప్పుడు ఎక్కువగా వస్తున్నవి ఆ కలిపిన సిమెంట్లే కాబట్టి, పది రోజులూ, వీలైతే రెండు వారాలూ అని లెక్క పెట్టుకోండి. స్లాబు ముహూర్తం కన్న ముందు నీళ్ళ ఏర్పాటు చూసుకోండి.

రెండవది, కలిపేటప్పుడు మాత్రం నీళ్ళు ఎక్కువ కాకూడదు. ఇది విచిత్రంగా వుంటుంది కానీ, దోసెల పిండి జారయితే ఏమవుతుందో మనకు తెలీదూ? జారుగా వుంటే పోయడం తేలిక కాబట్టి కూలీలు ఇంకో బక్కెట్టు కుమ్మరిస్తారు. ఒక పాలు సిమెంటు, పాలున్నర ఇసుక, మూడు పాళ్ళు కంకర కలిపే స్లాబుకు, 50 కిలోల బస్తాకు 30 లీటర్ల నీళ్ళు మించరాదు. ఇసుకలో వున్న తడి కూడా అందులోదే. ఎక్కువైన నీళ్ళు తరువాత ఆవిరై, లోపల సన్నని రంధ్రాలు మిగులుతాయి. వాన అందులోంచే దిగుతుంది. లారీలో కలిపి తెచ్చే కాంక్రీటైనా సరే, ఇంటి దగ్గర నీళ్ళు కలపనివ్వకండి.

మూడవది వాటం. డాబా చదునుగా కనబడాలి గానీ చదునుగా వుండకూడదు. పది అడుగులకు ఒక అంగుళం పైచిలుకు వాలు తూము వైపుకు వుండాలి. పిట్టగోడ, డాబా కలిసే మూలను నిలువుగా వదిలేయకుండా గుండ్రంగా పూయించాలి. చాలా ఇళ్ళల్లో చెమ్మ ఆ మూల నుంచే మొదలవుతుంది. తూములు ఒక్కటే పెట్టి చాలనుకోవద్దు. ఒకదానికి ఆకులు అడ్డం పడితే రెండవది వుండాలి. మన పాతకాలం మండువా లోగిళ్ళు చూడండి. నాలుగు వైపుల పెంకుటి కప్పూ మధ్యకు వాలి, వాన నీళ్ళు మండువాలో పడి, అక్కడి నుంచి తూము గుండా బయటకు పోయేవి. కట్టినవాళ్ళు నీళ్ళ దారి ముందు ఆలోచించి, తరువాత గదులు ఆలోచించారు.

నాలుగవది పరీక్ష. డాబా పైపని అయ్యాక, మేస్త్రీకి ఆఖరి డబ్బు ఇవ్వకముందు, తూములకు గుడ్డలు బిగించి ఒక రోజంతా నీళ్ళు నిలబెట్టండి. కింద ఎక్కడైనా చెమ్మ వస్తుందేమో చూడండి. స్నానాల గదులకూ ఇంతే, పైన పలకలు పరచకముందే చూడాలి. ఫ్లాటు కొనుక్కునేవాళ్ళు కూడా, ముందు గది అందం చూసి మురిసిపోకుండా, పై ఫ్లాటువాళ్ళ స్నానాలగది మన ఏ గది మీద వుందో అడగండి. అన్నిటికన్న పై అంతస్తు అయితే ఒకసారి డాబా ఎక్కి రండి.

ఇక వంటిల్లు. డ్రోగో కోటలో వంటింటికి పక్కన కిటికీలు లేవు. పైన గుండ్రటి గాజు గోపురం లోంచే వెలుతురంతా. దాని కిందే గుండ్రటి బల్ల, అదీ లుటియెన్సే గీశాడు. చూడ్డానికి ముచ్చటగానే వుంటుంది. మన తిరగమోతల వంటింటికి మాత్రం ఎదురుగా కిటికీ, పొగ పోయే దారీ వుండి తీరాలి. గట్టు ఎత్తు ఇంజనీరు చెప్పినంత కాదు, మీ మోచెయ్యికి రెండు మూడంగుళాలు కిందికి వుండాలి. ఎవరు ఎక్కువ వండుతారో వాళ్ళను నిలబెట్టి కొలవండి.

ఇంకో చిన్న ఉపాయం. ఇల్లు మొదలుపెట్టే ముందు మేస్త్రీ స్థలం మీద సున్నంతో ముగ్గు పోస్తాడు కదా. అంతకన్న ముందు మనం పోద్దాం. ముగ్గు మనకు కొత్తా ఏమన్నానా? ప్లాను కాగితం పట్టుకుని, డాబా మీదో ఖాళీ స్థలంలోనో అసలు కొలతలతో గదులు గీయండి. మంచం, బీరువా, పొయ్యి ఎక్కడో గీయండి. తలుపు ఎటు తెరుచుకుంటుందో గీయండి. తరువాత చేతిలో నీళ్ళ బిందెతో ఆ గీతల మధ్య ఒకసారి తిరగండి. ఎక్కడ ఇరుకో, ఎక్కడ వృథాగా నడుస్తున్నారో కాళ్ళే చెబుతాయి. సున్నపు గీత చెరపడానికి చీపురు చాలు, గోడ చెరపాలంటే గాజులు కావాలి.

కోట కట్టినాయన కథలో ఒక సంగతి చెప్పి ముగిస్తాను. యుద్ధంలో పోయిన ఆ పెద్దకొడుకు వస్తువులన్నీ ఒక గదిలో దాచి, తల్లి ఆ గదిని అతని గదిగా వుంచుకుంది. కోటకు వచ్చినవాళ్ళు పైకెత్తే తలుపూ ఎత్తైన గోడలూ చూసినా, ఆ గది దగ్గరికి వచ్చేసరికి మాట మానేస్తారట. ఏ కోటైనా చివరికి మనుషుల కోసమే. ఆ మనుషులు వాన రాత్రి మంచం జరుపుకోకుండా నిద్రపోగలిగితే, అది పూరిల్లయినా కోటే.

కాబట్టి, సోదరీమణులారా, స్లాబు పోసే రోజున టిఫిన్లు పంపించి వూరుకోకండి. మీరూ పైకెక్కండి. ఒక చెంబెడు నీళ్ళు పోసి, అవి ఎటు పోతున్నాయో మీ కళ్ళతో చూడండి.

సెలవు.