భోజనశాలయు నర్థశాస్త్రమును

అర్థశాస్త్రమనగా బజారు ధరలను, బ్యాంకులలోని ధనమును గూర్చి చెప్పు శాస్త్రమని పలువురు తలంతురు. పదుగురు కలిసి యొక పనికి బూనుకొనినపుడు అది యేల చక్కబడును, ఏల చెడును అను ప్రశ్నయు నీ శాస్త్రమునకు జెందినదే. ఈ శాఖకు సంస్థల యర్థశాస్త్రమని పేరు. కళాశాలలో జదువుచు వసతిగృహమున భుజించు మాకు దీని సూత్రములు భోజనశాలయందే స్పష్టముగా గనబడినవి. రేపు పై చదువులకు బోవు విద్యార్థులకును, నెలనెలయు వారికి సొమ్ము పంపవలసిన తలిదండ్రులకును నుపకరించునని వాని నిచట వివరించుచున్నాము.

మొదటి ప్రశ్న యిది: ఎవరికి వారు హోటలునకు బోయి తినక, విద్యార్థులు కలిసి వంటవానిని జీతముపై నేల పెట్టుకొందురు? రోనాల్డ్ కోస్ అను నాంగ్లేయ పండితుడు 1937 వ సంవత్సరమున బ్రకటించిన వ్యాసమొకటి యిట్టి ప్రశ్నకు సమాధానము చెప్పినది. బేరమాడుటకును వ్యయము కలదని యాయన సిద్ధాంతము. ధర విచారింపవలెను; సరకు పరీక్షింపవలెను; మాట తప్పినవానిని నిలదీయవలెను. ఈ శ్రమ ప్రతిదినము పడుటకంటె నొక్కమాఱు కట్టుబాటు చేసికొనుట చౌక యైనచోట సంస్థలు పుట్టును. ఆయనకు 1991 లో నోబెలు స్మారక బహుమానము లభించినది. పూటపూటకు 200 మంది వేఱువేఱుగ బేరమాడుటకంటె నొక వంటవాడును, నెల కొకమాఱు తెచ్చు బియ్యపు బస్తాలును మేలు గదా! అయినను బట్టలు ఇస్త్రీ చేయువానిని మనము జీతముపై బెట్టుకొనము. చొక్కా కింత యని ధర యెల్ల రెఱుగుదురు. పని బాగోగులు కంటికే తెలియును. కావున నచట బేరమే చాలును.

సంస్థ యేర్పడినంతనే చిక్కులు తీఱవు. మన ప్రాంతమున ననేక వసతిగృహములలో నెలఖర్చంతయు గూడి, భుజించినవారి సంఖ్యచే భాగించి, తలకింత యని వసూలు చేయుదురు. దీనిని డివైడింగు పద్ధతి యందురు. 200 మంది యున్న చోట నొక విద్యార్థి దినమునకు 20 రూపాయల విలువగల వంటకము నదనముగా దీసికొనె ననుకొందము. వాని వంతున బడునది 10 పైసలే. తక్కిన 19 రూపాయల 90 పైసలు తోడివారిపై బడును. కావున వద్దనుటకు వానికి గారణము తోచదు. అందఱును నట్లే తలచినచో నొక్కొక్కరి బిల్లు 30 దినములకు 600 రూపాయలు పెరుగును. కూలి చేసి కొడుకును జదివించు తండ్రికి ఆ సొమ్ము స్వల్పము గాదు. పైగా నదనముగా నేమియు దినని పిల్లవాడును దిన్నవారితో సమానముగా జెల్లింపవలసివచ్చును.

గ్రుడ్డు, మాంసము, మిఠాయి వంటి వానికి వేఱుగా జీటి వ్రాయించి, తిన్నవాని లెక్కలోనే కట్టుట దీనికి విఱుగుడు. మఱి యన్నమునకును జీటి యేల వలదు? ప్రతి ముద్దను దూచుటకగు ఖర్చు మిగులు బియ్యముకంటె నెక్కువ. ఆకలిగొన్నవాడు కొలత జూచి వెనుదీయుటయు దగదు. కొలుచుట చౌకయైన దానినే కొలువవలెను.

ఇక సరకు కొనువాడెవడు, వానిని గనిపెట్టువాడెవడు? ఫ్రాన్సు దేశపు వ్యవసాయ యంత్రశాస్త్రాచార్యుడు రింగెల్మాన్ 1913 లో బ్రకటించిన పరీక్షలలో, త్రాడు లాగువారి సంఖ్య పెరిగినకొలది యొక్కొక్కరి లాగుబలము తగ్గినట్లు తేలినది. ఉమ్మడి గొడ్డు పుచ్చి చచ్చెనని మన సామెత. అందువలన బర్యవేక్షకు డావశ్యకమని ఆల్కియన్, డెంసెట్జ్ అను అమెరికా పండితులు 1972 లో వ్రాసిరి. ఆ పర్యవేక్షకుడే సోమరియైన నెట్లు? ఖర్చులు పోను మిగిలినది వానికే యిచ్చిన శ్రద్ధ వహించునని వారి సమాధానము. భోజనశాలను గాంట్రాక్టరున కప్పగించుట యీ మార్గమే. వాడు వృథా కానీయడు, నిజమే; కాని పప్పు పలుచనైనను, నూనె నాసిదైనను మిగులు వానిదే. విద్యార్థి కార్యదర్శికి మిగులు లేదు. కావున బప్పు పలుచన చేయు నాశయు లేదు, తెల్లవాఱుజామున నంగడికి బోవు నుత్సాహమును లేదు.

ఈ రెంటి నడుమ మార్గము గలదా? 2009 లో నర్థశాస్త్రమున నోబెలు స్మారక బహుమానమందిన ప్రథమ మహిళ ఎలినార్ ఆస్ట్రమ్, పచ్చికబయళ్లను, చేపల వేటపట్టులను, సాగునీటి కాలువలను ఉమ్మడిగా ననుభవించు జనసంఘములను బరిశీలించెను. ఆ యేర్పాట్లు చిరకాలము నిలిచిన చోట్ల ననుభవించువారే నియమములు చేసికొనిరి. కావలివారు వారికే జవాబుదారులైరి. తప్పునకు మొదట స్వల్పదండనమే విధింపబడెను. భోజనశాలకును నిదియే వర్తించును. నెలనెలకు సంఘము మాఱవలెను. సరకు తూచునపుడు ఇరువురు విద్యార్థులు దగ్గఱ నుండవలెను. లెక్కలు ప్రకటనల పలకపై నంటింపవలెను. పలుమాఱు తప్పినవానికే పెద్ద జరిమానా వేయవలెను.

వృథాకు విద్యార్థుల స్వభావమే కారణమని కొందఱు నిందింతురు. జబ్బుపడిన మిత్రుని కొఱకు రాత్రియంతయు మేల్కొనియుండు విద్యార్థియే మఱునాడు కూర పాఱవేయుట మేము చూచుచున్నాము. మొదటి యెడ దోడివాని బాధ కనబడుచున్నది. రెండవ యెడ నష్టము 200 బిల్లులలో దాగియున్నది. దాగినదానిని గంటికి గనబడజేయుటయే మంచి నియమము చేయు పని. పిల్లలను వసతిగృహమున జేర్చు తలిదండ్రులు గదులను, గోడలను జూచుటతో దృప్తినొందక మూడు ప్రశ్నలడుగుట మంచిది: సరకు కొనువారెవరు? తూకమును, లెక్కను జూచువారెవరు? మిగిలినది చేరున దెవరికి? ఆ యుత్తరములను బట్టి వచ్చు నెల బిల్లును, పిల్లవాని పళ్లెములోని పప్పును జాలవఱకు నూహింపవచ్చును.