టాంగ్రాలో చీనా హోటలు

పిల్లలూ, సాయంకాలం కాగానే మీ వీధి మలుపులో ఫాస్ట్‌ఫుడ్ బండి వెలుగుతుంది. భగభగమనే మంట, బాణలిలో ఎగిరెగిరి పడే నూడుల్సు, మంచూరియా ఘుమఘుమ! "చైనా తిండి" అంటూ మీరు లొట్టలు వేస్తారు. కాని ఆ తిండి చైనానుంచి తిన్నగా మీ వీధికి రాలేదు. దారిలో కలకత్తాలో దిగి, తరతరాలు అక్కడ కాపురం చేసి మరీ వచ్చింది. ఆ ఊరినే ఇప్పుడు కోల్‌కతా అంటున్నాము.

కిందటి ఏడు మా అమ్మాయిని చూడటానికి అక్కడికి వెళ్ళాను. ఒకనాటి రాత్రి అమ్మాయి, పదేళ్ళ మనమడు, నేను కలిసి టాంగ్రా అనే పేటలో ఒక చిన్న చీనా హోటలుకు వెళ్ళాము. ఎనిమిది బల్లలు, గోడన ఎర్రని కాగితపు లాంతర్లు, గల్లాపెట్టె దగ్గర ఒక ముసలమ్మగారు. అంతే హోటలు.

కలకత్తాకు చీనావాళ్ళు నిన్నా మొన్నా రాలేదు. 18వ శతాబ్దం చివర, వారన్ హేస్టింగ్స్ గవర్నర్ జనరలుగా ఉన్న రోజుల్లో, టాంగ్ అచ్యూ అనే వర్తకుడు హుగ్లీ నది ఒడ్డున భూమి సంపాదించి, చక్కెర మిల్లు పెట్టాడు. అతని పేరు మీదనే ఆ చోటును ఈనాటికీ అచీపూర్ అంటారు. తరవాత వచ్చినవాళ్ళలో వడ్రంగులున్నారు, పళ్ళ వైద్యులున్నారు. హక్కావాళ్ళు టాంగ్రాలో తోళ్ళు పదునుచేసే కార్ఖానాలు పెట్టారు. కాలుష్యం కారణంగా ఆ కార్ఖానాలను ఊరి బయటికి తరలించమని 1996లో సుప్రీంకోర్టు ఆజ్ఞాపించింది. అటు తరవాత టాంగ్రాలో కార్ఖానాలు తగ్గి, హోటళ్ళు పెరిగాయి.

మేము వంటగది కనిపించేచోట కూర్చున్నాము. వంటవాడు అడుగు గుండ్రంగా ఉన్న పల్చని ఇనప బాణలిలో కూరముక్కలు వేసి, రెండుసార్లు ఎగరేసి దించేశాడు.

"తాతయ్యా, అప్పుడే ఉడికిందా?" అన్నాడు మనమడు.

దీనికి జవాబు లెక్కల్లో ఉన్నది. నాలుగు సెంటీమీటర్ల అంచుగల బంగాళాదుంప ఘనం ఒకటి కోశామనుకోండి. దాని ఆరు ముఖాల వైశాల్యం 96 చదరపు సెంటీమీటర్లు. దాన్నే ఒక సెంటీమీటరు ఘనాలుగా తరిగితే 64 ముక్కలవుతాయి. వాటి మొత్తం వైశాల్యం 384 చదరపు సెంటీమీటర్లు! దుంప అదే, వేడి తగిలేచోటు మాత్రం నాలుగు రెట్లు. పైగా వేడి ముక్క నడిమికి చేరటానికి పోవలసిన దూరం తక్కువ. అందుచేత క్షణాల్లో ఉడుకుతుంది, వంటచెరకు కలిసివస్తుంది.

ఫ్రైడ్ రైసుకు చల్లారిన అన్నమే వాడతారు. పైతడి ఆరి మెతుకు బిగుస్తుంది గనక అన్నం ముద్ద కాదు. పులిహోరకు మీ అమ్మ అన్నం ఆరబెట్టటం చూడలేదూ? ఇదీ అంతే. నల్లని సోయా సాసు సంగతి వింటే మన ఊరగాయ జాడీ గుర్తువస్తుంది. సోయా చిక్కుళ్ళకూ గోధుమలకూ ఒక రకం బూజు పట్టించి, ఉప్పునీళ్ళలో నెలల తరబడి పులియబెట్టి దాన్ని తీస్తారు.

ఇంతలో మంచూరియా వచ్చింది. మంచూరియా అన్నది చైనా ఈశాన్య దిక్కున ఉన్న ప్రాంతం. కాని ఈ వంటకం అక్కడిది కాదు. కలకత్తాలో పుట్టిన నెల్సన్ వాంగ్ అనే వంటవాడు 1975 ప్రాంతంలో బొంబాయిలో దీన్ని మొదట వండాడని చెబుతారు. మన అల్లం, వెల్లుల్లి, పచ్చిమిరపకాయలకు సోయా సాసు తోడైంది. పేరు చైనాది, పుట్టుక మన దేశానిది!

మనమడు ఉత్సాహం పట్టలేక, రెండు కళ్ళ కొసలనూ వేళ్ళతో లాగి, "నేనూ చీనావాణ్ణే!" అని పకపకా నవ్వాడు. గల్లాపెట్టె దగ్గరి ముసలమ్మగారు చూడనే చూసింది. ఆమె ముఖంలో నవ్వు మాయమయింది.

నాకు తల కొట్టేసినట్టయింది. లేచి వెళ్ళి, వచ్చీరాని హిందీలో క్షమించమన్నాను. ఆమె మెల్లగా మా బల్ల దగ్గరికి వచ్చి కూర్చుని, "నీది ఏ ఊరు, బాబూ?" అని వాణ్ణి అడిగింది.

"మా తాతయ్యది విజయవాడ. నేను ఇక్కడే పుట్టాను."

"నేను షిల్లాంగులో పుట్టాను. మా నాన్నా అక్కడే పుట్టాడు," అన్నది ఆమె.

తరవాత ఆమె చెప్పిన మాటలు ఇవి: 1962లో చైనాకూ మనకూ యుద్ధం వచ్చింది. అప్పుడు ఆమెకు పదేళ్ళు. ఆ నవంబరులో పోలీసులు వచ్చి ఇంటిల్లిపాదినీ తీసుకుపోయారు. రోజుల తరబడి రైల్లో ప్రయాణం చేయించి, రాజస్థాన్‌లోని దేవ్‌లీ శిబిరంలో పెట్టారు. అట్లా సుమారు 3,000 మందిని నేరమూ విచారణా లేకుండానే నిర్బంధించారు. ఆఖరువాళ్ళు 1967లోగాని బయటికి రాలేదు. వీళ్ళు తిరిగి వచ్చేసరికి షిల్లాంగులో ఇల్లు లేదు. కలకత్తాలో ఉన్న బంధువులే ఆదుకున్నారు.

మనమడు తల దించుకుని, "అక్కడ ఏం తినేవారు?" అని అడిగాడు.

"ఉడికీ ఉడకని అన్నం. అందుకే ఇక్కడ ఎవరి పళ్ళెంలోనూ ఉడకని మెతుకు పడనివ్వను," అన్నదామె.

వాడు లేచి చేతులు జోడించాడు. ఆమె వాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని రెండు పుల్లలు చేతికిచ్చింది. "కింది పుల్ల కదలకూడదు. పై పుల్ల మాత్రమే ఆడాలి," అన్నది. వేరుసెనగగింజ రెండుసార్లు జారిపోయింది. మూడోసారి నోట్లో పడింది. ఆమె నవ్వింది.

పిల్లలూ, నేను ముప్ఫై ఏళ్ళు సాంఘికశాస్త్రం బోధించాను. 1962 యుద్ధం పాఠం ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. దేవ్‌లీ మాట ఒక్కసారీ ఎత్తలేదు. ఎంచేతనంటే ఆ సంగతి నాకే తెలియదు. ఇంటికి రాగానే నా పాత నోటుపుస్తకం తీసి, ఆ పాఠం కింద ఆ పేరు రాసుకున్నాను. ఇప్పుడు చెప్పటానికి నాకు తరగతి లేదు గనక మీకు చెబుతున్నాను.