ఏ మాటకు ఏ పాత్ర?

‘రాజమండ్రి నుంచి విశాఖకు రేపటికి రెండు టికెట్లు తియ్యి.’ ఇందులో మాటల్ని ఎటు మార్చినా మనకు అర్థం మారదు. కంప్యూటర్‌కు మాత్రం అక్కడే కష్టం. ఒక్క క్రియను పట్టుకుని నాలుగు సంగతులున్నాయి. ఏది బయలుదేరే చోటో, ఏది చేరే చోటో, ఏది రోజో, ఏది వస్తువో అది తేల్చుకోవాలి.

ఆజ్ఞలు టైప్ చేసి ఆడే కంప్యూటర్ ఆటల్లో ఈ కష్టం తొలినాళ్ల నుంచీ ఉంది. 1970ల మధ్యలో విల్ క్రౌథర్ ఇంగ్లీషులో రాసిన ‘అడ్వెంచర్’ ఆటకు రెండు మాటల ఆజ్ఞలే తెలుసు: ఒక క్రియ, ఒక వస్తువు. 1977లో ఎం.ఐ.టి.లో మొదలైన ‘జోర్క్’ ఆట ఇంకాస్త ముందుకెళ్లి, దేనితో కొట్టాలో కూడా అదే వాక్యంలో చెప్పనిచ్చింది.

అసలు మలుపు మొజిల్లా ల్యాబ్స్ 2008లో విడుదల చేసిన ‘యుబిక్విటీ’తో వచ్చిందని నా అభిప్రాయం. ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్‌లో ఆజ్ఞ టైప్ చేస్తే పని చేసిపెట్టిన సాఫ్ట్‌వేరది. మరుసటి ఏడు దాని పార్సర్‌ను, అంటే వాక్యాన్ని విడదీసి అర్థం చేసుకునే భాగాన్ని, మార్చారు. ఆజ్ఞ రాసేవాడు ఇంగ్లీషు విభక్తి పదాలను కాక పాత్రలను ప్రకటించేవాడు: కర్మ, మూలం, గమ్యం, కాలం, సాధనం. ఏ పాత్రకు ఏ గుర్తో ఆయా భాషకు రాసిన ఫైలు చెప్పేది. రెండు వేల ఏళ్లకు పైబడిన, సంస్కృత వ్యాకర్త పాణిని చేసిన కారక విభజన కూడా ఈ దారిదే: ముందు క్రియతో సంబంధం, ఆ తర్వాతే దాన్ని తెలిపే విభక్తి.

ఈ పద్ధతి తెలుగుకు బాగా నప్పుతుంది. గుర్తులు పదాల వెంటే ఉంటాయి కనుక క్రమం ఎలా ఉన్నా ఫరవాలేదు. చిక్కులు మాత్రం మనవి మనకున్నాయి. ‘విశాఖకు’, ‘రేపటికి’ రెండింటిలోనూ ఒకటే విభక్తి, కి/కు; ఒకటి ఊరు, ఒకటి రోజు అన్న జ్ఞానం ఉంటేనే విడదీయగలం. ఖాళీల దగ్గర మాటలు కోస్తే ‘నుంచి’ దొరుకుతుంది గానీ ‘కు’ దొరకదు, దాన్ని పదం చివర నుంచి ఒలవాలి. ఒలిస్తే ‘ఇంటికి’లో ‘ఇల్లు’ కనిపించదు. ‘కాకి’ చివరి ‘కి’ విభక్తే కాదు. ‘టికెట్లు’కు ఏ గుర్తూ లేదు, ప్రాణంలేని వస్తువులకు ‘ను’ వదిలేయడం మన అలవాటు. అందుకే గుర్తులేని నామాన్ని ముందుగా కర్మగా పరీక్షించాలి. ‘అమ్మకీ నాన్నకీ ఫొటో పంపు’ అన్నప్పుడు ఆ దీర్ఘాలే ఇద్దరినీ ఒకే పాత్రలో కలుపుతున్నాయి. ఒక పాత్రకు ఒకే విలువ అని రాసిన ప్రోగ్రామ్ ఇక్కడ ఇద్దరిలో ఒకరిని వదిలేస్తుంది.

చెప్పని పాత్రల సంగతి కూడా రూపకర్తే ముందుగా నిర్ణయించాలి. ఎన్ని టికెట్లో చెప్పకపోతే ఒకటి అనుకోవచ్చు. తేదీ చెప్పకపోతే అనుకోకూడదు; ఆ ఒక్కటే అడగాలి, మిగతా వాక్యాన్ని మళ్లీ చెప్పించకుండా.