జరీ నగరంలో రాగి కవచం

సూరత్ నగరంలో లింబాయత్, ఉధనా పేటలగుండా నడిచే బాటసారికి ఎడతెరిపి లేకుండా వినిపించేది మరమగ్గాల చప్పుడు. ఆ చప్పుడుకు చెవి త్వరలోనే అలవాటుపడుతుంది. కాని అదే పేటలోని ఒక ఇంట ఎవరైనా స్వహస్తాలతో కట్టుకున్న ఆంప్లిఫయరుకు స్విచ్చి వేస్తే, పాటకంటె ముందుగా స్పీకరులోనుండి వెలువడే తుమ్మెద మోతవంటి సన్నని రొదను మాత్రం ఏ చెవీ సహించదు. ఔత్సాహికులు దీనికి పెట్టుకున్న పేరు ‘హమ్’.

తెలంగాణ జిల్లాలనుండి దశాబ్దాలుగా వలస వచ్చిన పద్మశాలి కుటుంబాలు ఈ నగరంలో అనేకం స్థిరపడ్డాయి. నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో సైతం ప్రాథమిక పాఠశాలలు నడుపుతున్నదంటే వారి ఉనికి ఎంతటిదో ఊహించుకోవచ్చు. పోగుకు పోగు చిక్కుపడకుండా పడుగు సరిచేయడం ఎరిగినవారికి, ఆంప్లిఫయరు పెట్టెలో తీగలు అమర్చడం బొత్తిగా కొత్త విద్య కాదు.

ఇంతకూ ఆ రొద ఎక్కడిది? మన ఇళ్ళకు వచ్చే 230 వోల్టుల విద్యుత్తు సెకనుకు 50 సార్లు అటూ ఇటూ ఊగుతుంది. అది ప్రవహించే ప్రతి తీగ చుట్టూ విద్యుత్ క్షేత్రం, అయస్కాంత క్షేత్రం రెండూ ఏర్పడతాయి. గ్రామఫోను రికార్డు మీది ముల్లు పుట్టించే సంకేతమో, సుమారు 5 మిల్లీవోల్టులు. గోడలోని విద్యుత్తులో నలభై ఆరువేలవ వంతు! పైగా రికార్డుల కోసం నిర్మించే తొలి మెట్టు, 1,000 సైకిళ్ళ స్వరంకంటె 50 సైకిళ్ళ స్వరాన్ని దాదాపు ఏడు రెట్లు అధికంగా పెంచుతుంది. దొంగకు తాళంచెవి ఇచ్చినట్లే కదా.

లోహపు పొరతో చుట్టిన గదిలోకి వెలుపలి విద్యుత్ ప్రభావం చొరబడదని మైకేల్ ఫారడే 1836లో నిరూపించాడు. ఆయన 12 అడుగుల గదిని నిర్మించి, తానే లోపలికి ప్రవేశించి పరీక్షించాడు. ఒక వాహకాన్ని మరొక వాహకం చుట్టి ఉండే తీగకు ఆలివర్ హెవిసైడ్ 1880లో ఇంగ్లండులో పేటెంటు పొందాడు. నేటి షీల్డు వైరు ఆ వంశానిదే: నడుమ సంకేతం మోసే తీగ, దానిపై ప్లాస్టిక్ తొడుగు, ఆపైన సన్నని రాగిపోగుల అల్లిక. సూరత్ వాసులకు ఇది పరిచితమైన రూపమే. అక్కడి అనుకరణ జరీలో వెండిపూత పూసిన సన్నని రాగిరేకును నూలుపోగు చుట్టూ చుడతారు. అక్కడ లోహం అలంకారం, ఇక్కడ కవచం.

అయితే ఈ కవచాన్ని అతిగా నమ్మరాదు. రాగి అల్లిక విద్యుత్ క్షేత్రాన్ని చక్కగా ఆపుతుంది కాని, 50 సైకిళ్ళ అయస్కాంత క్షేత్రం దానిని దాటుకుని వచ్చేస్తుంది. దానిని అడ్డగించాలంటే మ్యూమెటల్ వంటి ఖరీదైన మిశ్రలోహం కావాలి. అంతకంటె చౌకైన ఉపాయాలు రెండున్నాయి. మొదటిది దూరం: ట్రాన్స్‌ఫార్మరును ఒక మూల, సంకేతం ప్రవేశించే భాగాన్ని ఎదుటి మూల ఉంచాలి. ట్రాన్స్‌ఫార్మరును బిగించడానికి ముందు మెల్లగా తిప్పి చూస్తే, ఒకానొక దిశలో మోత గణనీయంగా తగ్గుతుంది. రెండవది మెలిక: పోయే తీగను, వచ్చే తీగను కలిపి పురివేస్తే ఒక మెలికలో పుట్టిన అలజడిని పక్క మెలికలోనిది రద్దుచేస్తుంది. టెలిఫోను తీగలకోసం అలెగ్జాండర్ గ్రాహం బెల్ 1881లో పేటెంటు పొందిన యుక్తి ఇది. వాల్వుల ఆంప్లిఫయర్లలో 6.3 వోల్టుల ఫిలమెంటు తీగలను అందుకే పురివేసి, పెట్టె అంచువెంట నడుపుతారు.

‘షీల్డును ఒకే కొసన కలపాలి’ అన్న మాట ఔత్సాహికుల నోట మంత్రంలా నానుతుంది. పెట్టె లోపల, సంకేతం తిరిగి రావడానికి వేరే తీగ ఉన్నప్పుడు అది నిజం. షీల్డే తిరుగుదారి అయినచోట, అనగా ఒక పరికరాన్ని మరొకదానితో కలిపే మామూలు తీగలో, ఒక కొస తెంచితే మోత తగ్గదు సరికదా, చెవులు చిల్లులు పడతాయి. మంత్రాన్ని అర్థం తెలియకుండా జపించిన ఫలితమిది!

ఇక్కడే ఒక ప్రాణాంతకమైన పొరపాటు పొంచి ఉన్నది. రెండు పరికరాలు షీల్డు ద్వారాను, గోడలోని ఎర్తు ద్వారాను కూడా కలిసినప్పుడు ఒక వలయం ఏర్పడుతుంది. అందులో ప్రవహించే స్వల్ప విద్యుత్తు మోతగా వినిపిస్తుంది. కొందరు మూడు పిన్నుల ప్లగ్గులో ఎర్తు తీగను ఊడదీస్తారు. మోత ఆగుతుంది, ఊడదీసినవాడు తన తెలివికి మురిసిపోతాడు. ఏనాడో ట్రాన్స్‌ఫార్మరు లోపలి తొడుగు చెడి మెయిన్సు తీగ పెట్టెను తాకితే, ఆ ఇనుపపెట్టె మొత్తం 230 వోల్టులతో నిలుస్తుంది. ఎర్తు ఉండివుంటే అధిక విద్యుత్తు ప్రవహించి ఫ్యూజు తక్షణం కాలిపోయేది. లేనందువల్ల ఫ్యూజు చెక్కుచెదరదు. వాల్యూము తిప్పబోయిన చెయ్యి ఆ విద్యుత్తుకు దారి అవుతుంది. మూడవ పిన్నును మిగిలిన రెంటికంటె పొడవుగా చేసింది అది అన్నిటికంటె ముందు తగలాలనే. చేయవలసింది వేరు: మెయిన్సు ఎర్తును పెట్టెకు బోల్టుతో గట్టిగా బిగించాలి, సంకేతం ప్రవేశించే సాకెట్లను పెట్టె లోహానికి తగలకుండా అమర్చాలి, లోపలి ఎర్తు తీగలన్నిటినీ ఒకచోట చేర్చి, అక్కడినుండి ఒకే తీగతో పెట్టెకు కలపాలి.

షీల్డు వైరును ఎడాపెడా వాడినా నష్టమే. మీటరుకు 150 పికోఫారడ్ల చొప్పున 3 మీటర్ల తీగ వాడి, దానికి ముందు లక్ష ఓముల నిరోధం ఉంటే 3,500 సైకిళ్ళ దాపునుండే స్వరాలు క్షీణిస్తాయి. మోత పోవచ్చు, దానితోపాటు తంబురా మెరుపూ పోతుంది.

మోత ఎక్కడిదో తేల్చడానికి ఖరీదైన సాధనాలు అవసరం లేదు. ముందు చెవితో పోల్చుకోవాలి: మెత్తని మంద్రమైతే 50 సైకిళ్ళది, బయటి క్షేత్రంనుండో ఎర్తు వలయంనుండో వచ్చినది, గరుకుగా జుయ్యిమంటే 100 సైకిళ్ళది, రెక్టిఫయరు, ఫిల్టరు కండెన్సరుల దగ్గరిది. పిమ్మట ప్రవేశపు సాకెట్టులో సంకేతపు కొసను, ఎర్తు కొసను ఒక చిన్న తీగముక్కతో కలిపి వినాలి. మోత ఆగితే దోషం బయటి తీగలోనిది. ఆగకపోతే ప్లగ్గు పూర్తిగా ఊడదీసి, కండెన్సరులు ఖాళీ అయ్యేదాకా ఆగి, అప్పుడు పెట్టె మూత విప్పాలి.