తైపింగు విప్లవమున శబ్దార్థవిచారము

మతగ్రంథమును బరభాషలోనికిఁ దెచ్చువారు తా ముద్దేశించిన యర్థమునే పాఠకుఁడు గ్రహించునని తలంతురు. కాని యా భాషయందలి శబ్దమునకుఁ బూర్వమే రూఢియైన యర్థములు గలవు. చీనాదేశమున 1851 మొదలు 1864 వఱకు సాగిన తైపింగు విప్లవ మిందులకుఁ బ్రబలమైన తార్కాణము.

విప్లవనాయకుఁడైన హుంగ్ షియూఛ్వెన్ కాంటను ప్రాంతపు గ్రామోపాధ్యాయుఁడు. రాజోద్యోగపరీక్షలయందు నాలుగుమాఱులు తప్పినవాఁడు. 1837లో వ్యాధిపీడితుఁడై యుండఁగా, స్వర్గమున నొక వృద్ధుఁడు తనకుఁ గత్తి నిచ్చి రాక్షసులఁ జంపు మనినట్లు కలఁ గాంచెను. లియాంగ్ ఫా యను చీనా క్రైస్తవప్రచారకుఁడు 1832లో నచ్చొత్తించిన గ్రంథ మొకటి, పరీక్షకు వచ్చినపుడు లభించి యుపేక్షింపఁబడినది, యతనియొద్ద నుండెను. 1843లో దానిని సావధానముగఁ జదువఁగాఁ గలకు వ్యాఖ్యానము దానఁ గనఁబడెను.

చీనాలిపియందు ధ్వనికొఱకు వ్రాసిన యక్షరమునకును అర్థ ముండును. యెహోవా నామమును వ్రాసిన మూఁడక్షరములలో మధ్యమాక్షరమునకు 'అగ్ని' యని యర్థము. అది హుంగ్ బాల్యనామమునందును గలదు. జలప్రళయమునుఁ దెల్పు 'హుంగ్' అతని యింటిపేరు. 'సమస్తము' అను నర్థముగల 'ఛ్వెన్' అతఁడు స్వీకరించిన పేరి తుది యక్షరము. ఆలంకారికులు శ్లేష యను నది యిందు రచయిత యుద్దేశింపకయే పుట్టినది. పాఠకుఁడు తన్నే సంబోధించినట్లు గ్రహించెను.

దైవవాచకమైన 'షాంగ్‌దీ' శబ్దముచే మఱింత విపరీతము గలిగెను. ఇది చీనా ప్రాచీనగ్రంథములలోని పరదేవత పేరు. మిషనరీలలో మెడ్‌హర్‌స్టు మున్నగు నాంగ్లేయులు దీనిని గ్రహింపఁగా, బూన్ మున్నగు నమెరికనులు 'షెన్' అను శబ్దమే యుక్తమని వాదించిరి. అయితే క్రీ. పూ. 221లో ఛిన్ ప్రభువు 'దీ' శబ్దమును దన బిరుదమునఁ జేర్చుకొనెను. తరువాతి చక్రవర్తులును దానినే వహించిరి. పరమేశ్వరుని నామమును మానవుఁ డపహరించుట దైవద్రోహమని తైపింగులు నిశ్చయించిరి. కావుననే హుంగ్ 'స్వర్గరాజు' అనిపించుకొనెనే కాని 'దీ' యనిపించుకొనలేదు. మిషనరీలకు శబ్దచర్చయైనది యతనికి రాజధిక్కారమునకుఁ బ్రమాణ మయ్యెను.

బంధువాచకములయందును నిట్లే జరిగెను. తెనుఁగునందువలెనే చీనాభాషయందు నన్నకును దమ్మునికిని వేర్వేఱు శబ్దములు గలవు. క్రీస్తు 'స్వర్గాగ్రజుఁ' డయ్యెను. హుంగ్ తన్నుఁ దమ్మునిగాఁ బ్రకటించుకొనెను.

1847లో రాబర్ట్సు అను నమెరికను మతబోధకునియొద్ద నతఁడు కొంతకాలము చదివియు బాప్తిస్మము పొందకయే మరలెను. 1861లో ఎడ్కిన్సు అను నాంగ్ల మిషనరీ దేవుఁడు నిరాకారుఁడని వ్రాసి పంపఁగా, హుంగ్ దానిని ఎఱ్ఱసిరాతో దిద్ది పంపెను. బోధకుని వ్రాఁతను శిష్యుఁడే సవరించెను!

ఈ విప్లవమున రెండుకోట్లమంది మడిసిరని సామాన్యముగ నంచనా. దానికి దారిద్ర్యము, మంచూ ప్రభుత్వముపై ద్వేషము మున్నగు కారణము లనేకములు గలవు. శబ్దదోష మొక్కటియే కారణము గాదు. హుంగును గేవలము భ్రాంతుఁ డనుటయుఁ దగదు. అతఁడు తన దేశపు పండితసంప్రదాయము ననుసరించియే ప్రత్యక్షరమునకు నర్థము విచారించెను. కావున భాషాంతరగ్రంథములఁ బరిశీలించువారు మూలమును మాత్రమే గాక, చదువరి మనస్సునఁ బూర్వమే యున్న యర్థములనుగూడ విచారింపవలయును.